గచ్చీమీద పున్నమి

బొంబాయి కామాఠీపురమునకు కెమెరా పట్టుకొని వచ్చినవారు లెక్కకు మిక్కిలి. అచ్చట తల పైకెత్తినవారు మాత్రము అరుదు. గ్రాంట్ రోడ్ స్టేషనులో దిగి, ఫాక్లండ్ రోడ్డు వెంబడి నడచి, కటకటాల కిటికీలను, రంగు దీపములను, గడపలయందు నిలిచిన స్త్రీలను చిత్రించుకొనిపోయిన దేశవిదేశముల ఛాయాగ్రాహకుల కృతులు గ్రంథములై, ప్రదర్శనములై లోకమంతటను తిరిగినవి గాని, ఆ కిటికీల కెగువన, రేకుల కప్పులను నీటి ట్యాంకులను దాటి, నెలకొకమారు పరిపూర్ణమండలుడై లేచుచున్న చంద్రుని ఆ పేట మేడమీదినుండి చూపిన చిత్రమొకటి వానిలో నా కంట బడలేదు. ఆ మేడమీది డాబానే అచ్చటివారు గచ్చీ యందురు. ఏడాది పొడుగునను వడియములకును, తడిబట్టలకును, వేసవి నిద్రకును ఉపయోగపడు ఆ గచ్చీమీదికి, ఆశ్వయుజ పున్నమియైన కోజాగిరి నాటి రాత్రి పాలగిన్నెతోబాటు ఫోనును గూడ చేతబట్టి యెక్కని యిల్లు నేడు లేదు. అట్లెక్కినవారిలో నూటికి తొంబదిమంది తీసిన చంద్రుడు తెల్లని చుక్కయై, చుట్టును మసక పొగయై, వీధి దీపమునకును వానికిని భేదము తెలియకుండ వచ్చును. ఆ వైఫల్యమునకు కారణము ఫోను ధర కాదు; చూపులోని యొక పొరపాటు. దానిని గూర్చి చెప్పుటకు ముందు, చంద్రునకును ఈ పేటకును గల పాతబాకీని గూర్చి కొంత చెప్పవలసియున్నది.

బొంబాయి యొకప్పుడు ఏడు దీవుల సముదాయము. వర్లీ దాపున దీవికిని దీవికిని నడుమ నున్న గండిగుండ, పోటు వచ్చినపుడెల్ల సముద్రము లోనికి చొరబడి, నేడు మహాలక్ష్మి, బైకుల్లా, కామాఠీపురము అని పిలువబడు పల్లపు నేలలను ముంచెత్తుచుండెడిది. గవర్నరు విలియం హార్న్‌బీ పూనికతో 1784 ప్రాంతమున ఆ గండికి అడ్డముగా లేచిన కట్ట, హార్న్‌బీ వెల్లార్డ్ అను పేర ప్రసిద్ధమై, ఆ నీటిని నిలిపివేసినది. తేలిన నేల నివాసయోగ్యమైన కొలదిని, పద్దెనిమిదవ శతాబ్దాంతమునుండి నిజాము రాజ్యపు తెలుగు సీమలను వీడి వచ్చిన కూలివారు అచ్చట గుడిసెలు వేసికొనిరి. మట్టి మోసి, రాయి కొట్టి, సున్నము కలిపి నగరమును నిలువబెట్టిన ఆ జనమునే బొంబాయి కామాఠీలని పిలిచినది. పేటకు వారి పేరే నిలిచినది. వారిలోనుండియే కట్టడముల గుత్తేదారులైనవారు కొందరు, జోతిరావు ఫులే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో ధనముచేతను మనుష్యబలముచేతను అండయై నిలిచిన సంగతి మహారాష్ట్రమున చరిత్ర చదివినవారెల్ల నెరుగుదురు; మన తెలుగునాట నెరిగినవారు కొలదిమంది.

పోటునకు కర్త చంద్రుడు. పున్నమికిని అమావాస్యకును సూర్యచంద్రులు ఒక్క గీటున నిలిచి నీటిని లాగుటచేత, ఆ తిథులకును వాని వెన్వెంటనే వచ్చు ఒకటి రెండు దినములకును బొంబాయి తీరమున పోటు నాలుగు మీటర్లను మించి లేచును. అందును ఈ రేవునకొక విశేషము కలదు: పున్నమినాడు పోటు మధ్యాహ్నమునకును అర్ధరాత్రమునకును చేరువగా వచ్చి, ఆటు ఉదయాస్తమయములకు సమీపమున పడును. కావున పూర్ణచంద్రుడు కామాఠీపురపు గల్లీకి సరిగా నెత్తిమీదికి వచ్చు వేళకే, పశ్చిమమున సముద్రము తన యెత్తైన గీతను చేరుచుండును. కట్ట లేకున్నచో ఆ నీరు ఎచ్చటికి వచ్చునో ఊహించుకొనుడు. కామాఠీపురము చంద్రుని చేతిలోనుండి లాగికొన్న నేల. ఆ నేలమీద నిలిచి ఆతని బింబమును పట్టికొనుటకు ఆ పేటవారికున్నంత హక్కు మరియొకరికి లేదని నా మతము.

ఇక ఆకాశము. గల్లీలో నిలిచి పైకి చూచినవానికి ఆకాశము విశాలముగా దొరకదు. రెండు వరుసల చాళ్ళ, అనగా ఒంటిగది కాపురముల మేడల, నడుమ, విద్యుత్తు తీగలును, కేబుల్ తీగలును, ఎండవేసిన చీరలును అడ్డగించిన సన్నని పట్టీగా దొరకును. ఆ పట్టీలోనికి చంద్రుడు ఎప్పుడు వచ్చునన్నది లెక్కకు అందిన విషయము. బొంబాయి పందొమ్మిదవ అక్షాంశమునకు సమీపమున నున్నది. శీతకాలపు పున్నములలో, అనగా మార్గశిర పుష్య మాసములలో, చంద్రుడు వేసవి సూర్యుని త్రోవ పట్టి, అర్ధరాత్రమున ఇంచుమించు నడినెత్తికి వచ్చును. జ్యేష్ఠాషాఢములలో దీనికి విపర్యయముగా, శీతకాలపు సూర్యుని త్రోవను దక్షిణపు వంకగా క్రిందుగా పోవును. ఆ మాసములలో గల్లీనుండి వానిని చూచుట దుర్లభము, గచ్చీ యెక్కినను మబ్బు చూడనీయదు. గురుపూర్ణిమయు, శ్రావణ పున్నమియు ఈ నగరమున వానకు వదలివేయబడిన పున్నములు. శ్రావణ పున్నమి జంధ్యముల పండుగ. పద్మశాలీలకు ముఖ్యమైన దినము. షోలాపురమున ఆనాడు మార్కండేయుని రథము వేలాది జనముతో ఊరేగును. మిల్లులలో మగ్గము నడపుటకై వచ్చి వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ ప్రాంతముల చాళ్ళలో స్థిరపడిన తెలుగు నేతవారికి ఆ పండుగ ఎంత ప్రియమైనను, ఆనాటి చంద్రుడు మాత్రము కనబడినప్పటి మాట.

వానలు వెనుకకు తగ్గి, గాలి కడిగినట్లై, ధూళి యింకను లేవని ఆశ్వయుజ పున్నమియే బొంబాయి చంద్రునకు సింహాసనము. మరాఠీవారు దానిని కోజాగిరి యందురు. బాదము, యాలకులు, కుంకుమపువ్వు వేసి కాచిన పాలను గచ్చీమీద వెన్నెలలో నుంచి, చంద్రబింబము పాలలో కనబడిన పిదప త్రాగుట వారి యాచారము. తరతరములుగా వారి పొరుగున నున్న తెలుగువారు ఈ యాచారమును తమదిగా చేసికొనిరి. బతుకమ్మను పంపి పట్టుమని పది దినములు కాకమునుపే మరల ఒక పండుగ దొరకిన యాడపడుచులు దానిని ఏల వదలుకొందురు? ఫోటో తీయ నేర్చుకొనువారికి సంవత్సరములో ఇంతకు మించిన పాఠశాల లేదు. దీపావళి పిమ్మట చలిగాలి నిలిచిపోయి, పొగయు ధూళియు నేలబారున పేరుకొని, కార్తిక మార్గశిరములలో తూర్పున మజ్‌గావ్ మీదుగా లేచు చంద్రుడు రాగి పళ్ళెపు రంగున నుండును. అది కాలుష్యపు రంగని తెలిసియు దాని యందమును కాదనలేము.

చూపులోని పొరపాటని యంటిని. అది యేదనగా, మనము చంద్రుని రాత్రి వస్తువని భావించుట. మనకు రాత్రియే గాని చంద్రుని నేలమీద, మనకు కనబడుచున్న ఆ ముఖముపై, నిక్కమైన పగలు. అచ్చట ఎండ కాయుచున్నది. భూమినుండి సగటున 3,84,400 కిలోమీటర్ల దూరమున, సూర్యుని యెండలో నున్న రాతి నేలను మనము చిత్రించుచున్నాము. కెమెరా యంత్రమునకీ వివేకము లేదు. అది చట్రములోని నల్లని ఆకాశమునంతటిని సరాసరి చూచి, చీకటిగా నున్నదని తలచి, తలుపు ఎక్కువ సేపు తెరచియుంచును. ఆ నిడివికి ఆకాశము బూడిదరంగున తేలును, చంద్రుడు కాలిపోవును. కుందేలు, కళంకము, ఏమియు మిగులవు. కావున ప్రథమ సూత్రమేమన, కెమెరా బుద్ధిని కట్టిపెట్టి, మాన్యువల్ పద్ధతికి మార్చి, పగటి వెలుగునకు పెట్టినట్లే పెట్టవలెను. ఐఎస్ఓ 100 అయినచో ఎఫ్/11 వద్ద సెకనులో నూరవ వంతు. ఇది పూర్వులు వాడుకగా పెట్టుకొన్న లెక్క. బొంబాయి గాలిలోని మసకకు ఎఫ్/8 దాక తెరచినను దోషము లేదు. ఫోనుతో తీయువారు చంద్రునిపై వ్రేలు నొక్కిపట్టి, ప్రక్కన వచ్చు సూర్యుని గుర్తును క్రిందికి జార్చినచో, ఆ తెల్లని చుక్కలోనుండి మెల్లగా కుందేలు బయటికి వచ్చును. ఆ క్షణమున గచ్చీమీద పిల్లలు వేయు కేక వినదగినది.

ఇందులోనే యొక వింత యున్నది. వెన్నెల యని ఇంతగా మురిసిపోదుము గాని, చంద్రుని నేల తనపై పడిన వెలుతురులో నూటికి పన్నెండు పాళ్ళు మాత్రమే తిరిగి పంపును. బెల్లాసిస్ రోడ్డు మీది పాత తారు ఎంత నలుపో అదియు నించుమించు నంతే నలుపు. నల్లని ఆకాశమున నుండుటచే తెల్లగా తోచుచున్నది. అర్ధచంద్రునకంటె పూర్ణచంద్రుడు వైశాల్యమున రెండింతలే యైనను, వెలుగున దాదాపు పదింతలు. ఏలయన పున్నమినాడు సూర్యుడు మన వీపు వెనుకనుండి కొట్టుటచే అచ్చటి గుంటల నీడలన్నియు మాయమగును. చదునైన వెలుగుగదా ఇది. అందుచేతనే ఖగోళజ్ఞులు కొండలను గుంటలను చూడగోరి అష్టమినాటి చంద్రుని వెదకుదురు గాని పున్నమి జోలికి పోరు. పున్నమి ఫోటోలో దొరకునవి నలుపు తెలుపుల విభాగములు, గుంటలనుండి వ్యాపించిన కిరణరేఖలు, మన కుందేలు. ఆ కుందేలు గూడ నిలుకడగా నుండదు: తూర్పున లేచునప్పటి భంగిమ వేరు, పడమట దిగునప్పటి భంగిమ వేరు, రాత్రి పొడుగునను బింబమంతయు మెల్లగా తిరిగినట్లు తోచును. సాయంకాలము తీసిన చిత్రమును వేకువన తీసిన దానిప్రక్క నుంచి చూచినవారికి ఈ మర్మము తెలియును.

చంద్రుడు ఎంత చిన్నవాడో చిత్రము తీయువరకును ఎవరికిని తెలియదు. కంటికి అరడిగ్రీ మాత్రమే. లెన్సు నాభ్యంతరమును 110చే భాగించినచో లోపల పడు బింబపు కొలత వచ్చును: 50 మిల్లీమీటర్ల లెన్సుతో అర మిల్లీమీటరు లోపు, 300తో రెండు ముప్పాతిక, 500తో నాలుగున్నర. ఫోనులోని సామాన్యపు లెన్సుతో పడు చంద్రుడు మిల్లీమీటరులో ఏ పదునారవ వంతో యుండును. దానిని ఎంత సాగదీసినను లేనిది రాదు. కొన్ని ఫోనులు, ఇది చంద్రుడని గుర్తించిన మాత్రమున, తాము ముందే నేర్చియుంచుకొన్న వివరములను బింబముపై అద్దుచున్నవని 2023లో పెద్ద రచ్చ జరిగినది. అట్టి చిత్రము తీసినవాడు తాను చూచిన చంద్రుని తీసెనా, కంపెనీవారు చూచిన చంద్రుని తీసెనా? నా మట్టుకు, మసకగా నున్నను మా గచ్చీమీది పొగతో కూడిన చంద్రుడే మేలు.

పెద్ద లెన్సు కొనదలచిన కామాఠీపురవాసి దూరము పోనక్కరలేదు. నడచి పోదగిన దూరమున చోర్ బజారున్నది; అందులో మటన్ స్ట్రీటున పాత గ్రామఫోనుల నడుమ పాత కెమెరాలును, తోలు సంచులలో నిద్రించు లెన్సులును బేరమునకు దొరకును. శుక్రవారము దుకాణములు మూసియున్నను, వేకువన వీధిలోనే సంత సాగును. బేరమాడుటకు ముందు లెన్సును దీపమునకు ఎదురుగా పట్టి లోపలికి చూడవలెను: ఈ నగరపు తేమకు అద్దములమధ్య ఫంగస్ సాలెగూటి దారములుగా పాకియుండును, అట్టి లెన్సుతో తీసిన చంద్రునకు చుట్టును పాలపొర కమ్మును. ఎక్కువ సొమ్మున్నవారు కోట ప్రాంతమున బోరాబజారు చుట్టుప్రక్కలకు పోవుదురు. లెన్సు దొరకిన పిదప స్టాండు కావలెను. షట్టరు నొక్కిన వ్రేలి అదురు తగ్గువరకు రెండు సెకన్ల టైమరు పెట్టవలెను. ఆటోఫోకసును నమ్మక, తెరమీద బింబమును పెంచి చూచుచు చేతితో త్రిప్పి అంచులను పదునుపరుపవలెను. పాత చాళ్ళ గచ్చీలమీద ఇంకొక చిక్కు: మెట్లమీద నలుగురు వడిగా ఎక్కినను స్టాండు కంపించును. పగలంతయు కాగిన గచ్చును, రేకులును రాత్రి పొద్దుపోవువరకు వేడి వదలుచునే యుండుటచే బింబము నీటిలోవలె అల్లాడును. పదునొకండు దాటిన తరువాత తీసిన చిత్రమునకును ముందు తీసినదానికిని తేడా స్పష్టముగా నుండును.

ఒక కోజాగిరి రాత్రి స్టాండు బిగించుచున్న కుర్రవానిని చూచి, చాప పరచుకొని కూర్చున్న ముసలమ్మ యొకతె, "చందమామను ఫోటో గొడుతున్నవా బిడ్డా? మరి కదలకుమని చెప్పినవా?" అని యడిగినది. వాడు, "చెప్పిన గని వింటలేడవ్వా" అనెను. నిజముగానే వినడు. రెండు నిమిషములలో తన వెడల్పంత దూరము జరిగిపోవును. స్టాండుపై నుంచి ఫోకసు సరిచూచుకొని, పొరుగువానికి చూపి, తిరిగి కంటి కడ్డము పెట్టుకొనులోపల చట్రపు మూలకు చేరియుండును. సెకనుకు మించి తలుపు తెరచినచో పెద్ద లెన్సున బింబపు అంచులు సాగి మసకబారును.

కెమెరా బొంబాయికి క్రొత్తది కాదు. 1854లోనే బొంబాయిలో ఛాయాచిత్రకారుల సంఘమొకటి వెలసినది. న్యూయార్కులో జాన్ విలియం డ్రేపర్ 1840లో చంద్రుని తొలి స్పష్ట చిత్రమును వెండి రేకుపై పట్టి అప్పటికి పదునాలుగేండ్లే. హైదరాబాదున ఆరవ నిజాము కొలువున ఛాయాచిత్రకారుడై రాజా బిరుదమందిన దీనదయాళుడు 1896లో బొంబాయికి వచ్చి స్టూడియో తెరచెను. అదే రాజ్యమునుండి అదే నగరమునకు తట్టలు మోయుటకు వచ్చినవారు అప్పటికి నూరేండ్లుగా వచ్చుచునే యుండిరి. ఆ స్టూడియో మెట్లెక్కిన కామాఠీ యొకడైనను ఉండెనా యని నేనప్పుడప్పుడు తలపోయుదును. రాజులును, రాణులును, దొరలును కూర్చున్న ఆ కుర్చీలో కూలివాడు కూర్చున్న చిత్రము దొరకిన నాడు అది మనకొక నిధి.

రాత్రి ఆకాశమును చిత్రించుటలో తెలుగునేలకు గొప్ప చరిత్రయే కలదు. అయితే ఆ చరిత్రలో పున్నమి శత్రువు. నవాబు జఫర్ జంగు 1901లో స్థాపింపగా, పిదప ప్రభుత్వాధీనమై బేగంపేటకు మారిన హైదరాబాదు నిజామియా వేధశాల, పారిసు నగరమున 1887లో తలపెట్టిన ప్రపంచ నక్షత్రపట నిర్మాణమున భాగము గైకొని, ఎనిమిదంగుళముల ఛాయాచిత్ర దూరదర్శినితో గాజు పలకలపై, తనకు కేటాయించిన దక్షిణాకాశపు పట్టీని చిత్రించినది. ఏడు లక్షలకు పైబడిన నక్షత్రముల స్థానములు ఆ పలకలనుండి కొలువబడినవి. టి. పి. భాస్కరశాస్త్రి వంటివారు ఆ పనికి సారథ్యము వహించిరి. అచ్చట పనిచేసిన యొక ఉద్యోగి కొడుకే, ఆ దూరదర్శినుల నీడను పెరిగి, తరువాతి కాలమున భారతదేశపు ఖగోళశాస్త్రమునకు దిక్కు చూపిన వైను బాప్పు. నిమిషములకొలది తెరచియుంచిన ఆ పలకలపై పున్నమి వెన్నెల పడినచో ఆకాశమంతయు మసకబారి సన్నని నక్షత్రములు మునిగిపోవును. అందుచే వేధశాలవారు కృష్ణపక్షమునకై ఎదురుచూచుచుండగా, అదే రాజ్యమునుండి వలసపోయినవారి గచ్చీలమీద శుక్లపక్షమునకై ఎదురుచూపు. ఎవరి చంద్రుడు వారిది.

చంద్రుని మాత్రమే తీసిన చిత్రము ఎచ్చట తీసినను ఒక్కటే. జగిత్యాలలో తీసినను, న్యూయార్కున తీసినను. కామాఠీపురమని తెలియవలెనన్న పేట గూడ చిత్రములో నుండవలెను. చిక్కంతయు ఇచ్చటనే. రాత్రి బాగుగా పడిన పిమ్మట చంద్రునకు సరిపెట్టిన వెలుగున చాళ్ళు కాటుకయగును. చాళ్ళకు సరిపెట్టినచో చంద్రుడు మరల చుక్కయగును. దీనికి విరుగుడు పున్నమి ముందటి చతుర్దశి. ఆనాడు చంద్రుడు సూర్యాస్తమయమునకు ముప్పాతిక గంట ముందుగానే లేచి, వెలుతురు పూర్తిగా పోని ఆకాశమున నుండును. అప్పుడు ఇరువది నిమిషములపాటు గోడలును చంద్రుడును ఒకే తూకమున నిలుచును. అమెరికా ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ 1941 నవంబరు 1న న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామముపై తీసిన ప్రసిద్ధ చిత్రము ఇట్టి సంధిలో దొరకినదే. అది పున్నమికి రెండు దినముల ముందటి చంద్రుడు, శ్మశానపు సిలువలపై సూర్యకాంతి చెరగిపోవుచున్నది, వెలుగుమీటరు కనబడలేదు. చంద్రుని వెలుగు చదరపుటడుగుకు 250 కొవ్వొత్తులని జ్ఞాపకము తెచ్చుకొని, దాని ననుసరించి లెక్కవేసి తలుపు తెరచెను. మరియొక పలక వేయులోపల ఆ వెలుగు పోయినది.

రెండవ కిటుకు దూరము. ఏ వస్తువుకైనను దాని వెడల్పునకు 110 రెట్ల దూరమున నిలిచినచో అది చంద్రునితో సమానమగును. పరేలు ప్రాంతమున 1982 సమ్మె తరువాత మూతపడిన మిల్లుల పొగగొట్టములు కొన్ని యింకను నిలిచియున్నవి. మూడు మీటర్ల వెడల్పు గల పొగగొట్టపు మూతిమీద చంద్రుని పొదుగవలెనన్న 330 మీటర్ల యావల నిలువవలెను. ఎదుటి గచ్చీమీద బట్టలు తీయుచున్న మనిషి నిలువెత్తు చంద్రునిలో ఇముడవలెనన్న, ఇన్నూరు మీటర్లకు కొంచెము తక్కువ.

ఇన్నూరు మీటర్ల దూరమునుండి పొరుగు గచ్చీపైని మనిషిని లాగి తీయగల లెన్సు, పొరుగు కిటికీలోనికి గూడ చూడగలదు. ఆ పేటలో ఈ మాట తేలికగా తీసికొనదగినది కాదు. అమెరికా దేశపు మేరీ ఎలెన్ మార్క్ ఫాక్లండ్ రోడ్డున చిత్రములు తీయ ప్రయత్నించిన మొదటి సంవత్సరములలో అచ్చటి స్త్రీలు ఆమెపై చెత్తయు నీళ్ళును విసరిరి. ఆ సంగతి ఆమెయే చెప్పుకొన్నది. 1978లో వచ్చి వారాలకొలది వారి నడుమ తిరిగి వారి స్నేహమును సంపాదించిన పిదపనే, 1981లో వెలువడిన ఆమె గ్రంథమునకు చిత్రములు దొరకినవి. ఆమె వెనుక వచ్చినవారిలో అంత ఓపిక గలవారు తక్కువ; పరుగున తీసి పరుగున పోయినవారే ఎక్కువ. అడుగకుండ తీయబడిన ముఖములతో నిండిన పేటలో నల్లని పెద్ద లెన్సు కనబడగానే కిటికీలు మూసికొనుట సహజము. కావున గచ్చీమీద స్టాండు వేయుటకు ముందు క్రింది అంతస్తులలో చెప్పిరావలయును. "అన్నా, మా కిటికీ పడకుండ జూడు" అని యెవరైన నన్నచో, తెర త్రిప్పి చూపవలయును. అడుగకుండ తీసినను నొచ్చుకొననివాడు ఆ పేట మొత్తమున చంద్రుడొక్కడే.

వేకువన లేవగలవారికి నేను చూపు చోటు వేరు. పున్నమి మరునాటి ఉదయము, సూర్యోదయమునకు ముందు, కామాఠీపురమునుండి రెండు మైళ్ళలోపున్న హాజీ అలీ తీరమునకు పోవలెను. పడమట చంద్రుడు దిగుచుండును; ఆటు వేళ గావున దర్గాకు పోవు రాతిబాట నీటినుండి తేలి, తడితో మెరయుచుండును; తూర్పున తెల్లవారుచున్న వెలుతురు దర్గా గోడల తెలుపుపై పడును. చతుర్దశినాటి సాయంకాలము దొరకు తూకమే ఇచ్చట వేకువన దొరకును. 2024 మొదలు అంచెలంచెలుగా తెరువబడిన కోస్టల్ రోడ్డు వంతెనలు చట్రములోనికి వచ్చి కొంత చిరాకు పెట్టును. నిలుచుండు చోటు వెదకికొనవలసినదే. మీరు నిలిచిన ఆ దారియే హార్న్‌బీ కట్ట.

పోటు పగ యింకను తీరలేదని 2025 సెప్టెంబరు 7న నగరమంతయు చూచినది. పెద్ద మండపముల వినాయక నిమజ్జనమునకు అనంత చతుర్దశియే నియమము. అది పున్నమి ముందటి తిథి యగుటచే నిమజ్జనమున కెప్పుడును పెద్ద పోటు తప్పదు. ఆ యేడు లాల్‌బాగ్ రాజా గణపతి ఊరేగి ఊరేగి మరునాటి ఉదయమునకు గిర్గావ్ చౌపాటీ చేరినను, పోటునీటిలో విగ్రహమును తెప్పపై కెక్కించుట దుర్ఘటమై, మరల రాత్రి పడిన పిదప గాని నిమజ్జనము జరుగలేదు. ఆ రాత్రియే సంపూర్ణ చంద్రగ్రహణము. పదునొకండు గంటలనుండి 82 నిమిషములపాటు చంద్రుడు రాగిముద్దయై యుండెను. గ్రహణచంద్రునకు పున్నమి లెక్క పనికిరాదు; సెకనులో నూరవ వంతు చాలినచోట సెకనో, రెండు సెకన్లో కావలసివచ్చును. భాద్రపదపు మబ్బు సందులలో దొరకినంత దొరకినది.

ఇప్పుడు గచ్చీల సంగతి. వర్లీ, నాయ్‌గావ్, ఎన్. ఎం. జోషీ మార్గ్, శివ్‌డీలలో 1920ల తొలియేండ్లలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటువారు కట్టిన బీడీడీ చాళ్ళు మొత్తము 207. ఒక్కొక్కదానిలో 80 గదులు, ఒక్కొక్క గది 160 చదరపుటడుగులు. అందులోనే వంట, అందులోనే పడక, అందులోనే పెండ్లిచూపులు. అట్టి గదికి గచ్చీ లేకున్నచో ఊపిరి లేదు. ఇల్లు చాలనివారందరి ఇల్లది. ఆ చాళ్ళలో పెక్కింటిని కూల్చి నలువది అంతస్తుల మేడలు లేపుచున్నారు. వర్లీలో తొలి 556 ఇండ్ల తాళములు 2025 ఆగస్టులో ఇచ్చిరి. కామాఠీపురమునకును రాష్ట్ర గృహనిర్మాణ సంస్థయగు మ్హాడావారి సముదాయ పునర్నిర్మాణ యోచన సిద్ధమైయున్నది. గది పెద్దదగుట, మరుగుదొడ్డి లోపలికి వచ్చుట, లిఫ్టు వచ్చుట, ఇవి కోరరానివని యెవరనగలరు? వానకాలమున పైకప్పు ఎప్పుడు కూలునోయని మేలుకొనియుండినవారిని గచ్చీ పోయినదని విచారింపుడనుట అన్యాయము. ఎత్తు పెరిగిన కొలదిని చంద్రోదయము గూడ నాలుగు క్షణములు ముందుగానే కనబడును, సముద్రము కనబడును, పొగ క్రింద నిలిచిపోవును. చిత్రము తీయువానికి నలువదియవ అంతస్తు వరమే.

వరమే గాని, ఎత్తైన మేడల పైకప్పునకు తాళము వేయుట ఈ నగరపు వాడుక. ట్యాంకులు, లిఫ్టు యంత్రములు, ఫోను కంపెనీల స్తంభములు, ప్రమాదభయము: కారణములకు కొదువ లేదు. కోజాగిరి నాడు పాలగిన్నెతో లిఫ్టెక్కి పోయినవారిని వాచ్‌మన్ ఆపి సెక్రటరీగారి చీటీ యడిగెనేని, చంద్రుని కిటికీలోనుండి, గ్రిల్లు గీతలతోసహా తీసికొనవలసినదే. చాళ్ళలో కమిటీలు నడపి, గణపతి మండపములు కట్టి, నీటి పంపుల తగవులు తీర్చిన అనుభవము గల పెద్దలు ఒప్పందపు కాగితములపై సంతకములు పెట్టుచున్న కాలమిది. పార్కింగు ఎన్ని చదరపుటడుగులో, కార్పస్ సొమ్మెంతో అడుగుచున్నవారు, గచ్చీ తాళపుచెవి యెవరి దగ్గర నుండునో, పున్నమి రాత్రులలో ఎన్ని గంటలవరకు తెరచియుంచుదురో ఆ కాగితములలోనే వ్రాయించుకొనుట మేలు.